తప్పు పాత ఫోనుదేనా?

కొన్నేళ్ల కిందట ఏడెనిమిది వేలకు కొన్న స్మార్ట్‌ఫోన్‌లో నెట్ సరిగా రావడం లేదని ఏ మొబైల్ షాపుకు వెళ్లినా తీర్పు నిమిషంలో వచ్చేస్తుంది. సెట్టు పాతబడింది, దీనికి ఇంకా డబ్బు పెట్టడం దండగ, ఈఎంఐలో కొత్తది తీసుకోండి అంటారు. షాపువాడిని తప్పు పట్టలేం. అమ్మడం అతని పని. తీరిగ్గా కూర్చుని సెట్టింగులు వెతికితే అతనికి మిగిలేదేమీ లేదు. ఇంట్లో పిల్లలూ అదే అంటారు, ప్రకటనలూ అదే అంటాయి, చివరికి ఫోను సొంతదారు కూడా నమ్మేస్తాడు. కానీ చౌకరకం పాత ఫోన్లలో కనెక్షన్ చెడిపోయిందనుకునే సందర్భాలను విడివిడిగా చూస్తే, చాలావాటికి కారణం ఫోను వయసు కాదు. ఫోను, సిమ్, టవర్, ఇంట్లోని రౌటర్ ఒకదానితో ఒకటి కుదరకపోవడం. వాటిని కుదిర్చే కిటుకులు ఫోను తయారుచేసినవారికి తెలుసు, సిమ్ అమ్మినవారికి తెలుసు, యాప్ రాసినవారికి తెలుసు. కొన్నవాడికి చెప్పి తీరాలన్న పట్టింపు మాత్రం మన దగ్గర వారిలో ఎవరికీ లేదు. ఆడలేక మద్దెల మీద నింద వేసినట్టు, ఆ లోటంతా ఫోను మీద తోసేస్తున్నాం.

ఇది నలుగురైదుగురి ఇబ్బంది కాదు. మన ఇళ్లలో కొత్త ఫోను వస్తే పాతది చెత్తలోకి పోదు. ఇంటాయన చేతి నుంచి ఇంటావిడకు, లేదా పదో తరగతి పిల్లవాడికి, లేదా ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు చేరుతుంది. కొవిడ్ రోజుల్లో ఆన్‌లైన్ పాఠాలకు పేద ఇళ్లలో దిక్కయినవి ఈ పాత ఫోన్లే. ఈ దిగుడు వరుసలో చివరన నిలబడేది తరచూ ఆడవాళ్లేనన్నది గమనించాలి. డ్వాక్రా పొదుపు లెక్కలు, గ్యాస్ బుకింగు, బడి వాట్సాప్ గ్రూపు, పింఛను కబురు అన్నీ ఆ ఫోను మీదే నడుస్తాయి. అంటే ఇంటికి ఎక్కువగా అవసరమయ్యే పనులు చేసేది ఇంట్లోని పాత ఫోనే. దాన్ని పనికిరాదనడం అంత తేలిక కాకూడదు.

మొదట కాల్ సంగతి చూద్దాం. 2016 సెప్టెంబరు 5న జియో మొదలయ్యేదాకా ఫోన్లో మాటకు ఒక దారి, డేటాకు ఒక దారి ఉండేవి. 4జీ ఉన్న ఫోను కూడా కాల్ వచ్చినప్పుడు 2జీకో 3జీకో దిగి, మాట అయ్యాక మళ్లీ 4జీకి ఎక్కేది. జియోకు 2జీ, 3జీ లేనేలేవు. మాట కూడా డేటాగానే ప్రయాణించాలి. వోల్టే అంటున్నది దీన్నే. ఫోన్లో 4జీ ఉండి వోల్టే లేకపోతే జియో సిమ్‌తో నెట్ వస్తుంది, కాల్ కలవదు. అందుకే ఆ కంపెనీ అలాంటి ఫోన్ల కోసం విడిగా ఒక యాప్ ఇవ్వాల్సి వచ్చింది. తరవాత 2019-20లో ఎయిర్‌టెల్ తన 3జీని మూసేసింది, వొడాఫోన్ ఐడియా కూడా అదే బాట పట్టింది. దాంతో ఈ రెండు నెట్‌వర్క్‌లలో వోల్టే ఆన్‌లో లేని ఫోను కాల్ రాగానే నేరుగా 2జీకి జారిపోతుంది. మాట్లాడినంతసేపూ నెట్ ఆగిపోతుంది. మాట అయ్యాక కూడా కొన్ని ఫోన్లు వెంటనే పైకి ఎక్కవు. సిగ్నల్ గీతల పక్కన 'ఈ' అనే అక్షరం పట్టుకుని వేలాడుతుంటాయి. బయటికి కనిపించేది మాత్రం ఫోను స్లో అయిందన్న లక్షణమే. మందు మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగులో ఉన్న ఒక్క స్విచ్.

రెండు సిమ్‌ల ఫోన్లది ఇంకో తిరకాసు. ఆ తరం చౌక ఫోన్లలో చాలావాటికి ఒకేసారి రెండు సిమ్‌లకూ 4జీ ఇచ్చే శక్తి లేదు. డేటాకు ఎంచుకున్న సిమ్‌కే 4జీ దక్కుతుంది, రెండోది 2జీతో సరిపెట్టుకోవాలి. ఎయిర్‌టెల్ సిమ్ అయితే అలాగే సరిపెట్టుకుని కాల్స్ అందుకుంటుంది. అదే స్థానంలో జియో సిమ్ పడితే? దానికి దిగడానికి 2జీ లేదు కనుక సిగ్నలే చూపించదు. సిమ్ పోయిందనుకుని కొత్త సిమ్ తీసుకుంటారు, అప్పుడూ రాదు. ఇక ఫోను పోయిందనుకుంటారు. నిజానికి డేటా సిమ్ ఏదో మార్చినా, సిమ్‌లను అటుది ఇటు వేసినా తీరిపోయే చిక్కు ఇది. నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పోర్ట్ చేసుకున్నాకో, ఫోనును రీసెట్ చేశాకో గీతలన్నీ నిండుగా ఉండి నెట్ మాత్రం రాకపోతే చూడాల్సింది మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల్లోని ఏపీఎన్‌ను. అక్కడ పాత కంపెనీ పేరు మిగిలిపోయి ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. జియోకైతే 'జియోనెట్' అన్న ఒక్క మాట ఇంగ్లిష్ అక్షరాల్లో నింపితే చాలు. 3జీ కాలంలో తీసుకున్న సిమ్ కార్డునే ఇప్పటికీ వాడుతుంటే, ఫోన్లో 4జీ ఉన్నా అది అందకపోవచ్చు. సిమ్‌ను 4జీకి మార్పించుకోవాలి. ఇవేవీ ఇంజినీర్లు చేయాల్సిన పనులు కావు. కానీ సిమ్ అమ్మే కౌంటర్లో ఈ నాలుగు మాటలు చెప్పే మనిషి కనబడడు.

సెట్టింగులతో తీరని లోటు కూడా ఉంది. ఫోను టవర్‌తో మాట్లాడే తరంగాలు ఒకటే రకం కావు, వాటికి బ్యాండు నంబర్లు ఉంటాయి. జియో 4జీ ప్రధానంగా 3, 5, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. ఆ కాలంలో మన మార్కెట్‌కు తయారైన చౌక ఫోన్లు వాటిని దృష్టిలో పెట్టుకునే వచ్చాయి. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రీఛార్జి ధరలు పెంచాక చాలామంది బీఎస్ఎన్ఎల్‌కు మారారు. ఆ సంస్థ సీడాట్, తేజస్, టీసీఎస్‌ల సాంకేతికతతో నిర్మించిన స్వదేశీ 4జీని ప్రధాని 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు. 97,500కు పైగా టవర్లు. మంచి మాటే. అయితే ఆ 4జీకి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి 700 మెగాహెర్ట్జ్ తరంగం, అంటే బ్యాండు 28. తక్కువ పౌనఃపున్యం కనుక ఎక్కువ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, మారుమూల పల్లెలకు అంతకన్నా తగింది లేదు. కానీ 2016-18 మధ్య మన దగ్గర అమ్ముడైన చౌక ఫోన్లలో చాలావాటిలో ఆ బ్యాండు కనిపించదు. 2100 మెగాహెర్ట్జ్ మీద నడిచే బీఎస్ఎన్ఎల్ 4జీ వాటికి అందుతుంది, 700ది అందదు. పక్కింటివారి ఫోన్లో నెట్ పరుగులు తీస్తుంటే తన ఫోన్లో రావడం లేదేమని బాధపడే మనిషికి ఈ తేడా ఎవరు చెప్పాలి? ఫోను కొన్నప్పుడు అట్టపెట్టె మీద ఎన్ని మెగాపిక్సెళ్లో పెద్ద అక్షరాల్లో రాశారు. ఏ బ్యాండ్లు పలుకుతాయో ముందు వైపు రాసినవారు లేరు. కెమెరా ఎలాంటిదో వాడుతుంటే తెలిసిపోతుంది. బ్యాండు లేదన్న సంగతి, సిమ్ మార్చి రీఛార్జి చేయించాక గానీ బయటపడదు.

ఇంట్లో ఫైబర్ ఉన్నవారి చిక్కులు వేరు. 2017లో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలతో మొదలైన నాటి నుంచి పల్లె ఇళ్లలో కూడా రౌటర్ కొత్త వస్తువు కాదు. రౌటర్లు ఇప్పుడు రెండు రకాల తరంగాలు వదులుతాయి, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఇంకొకటి. చౌక పాత ఫోన్లలో ఎక్కువ భాగం మొదటిదాన్నే పట్టుకోగలవు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు వేగం బాగుంటుందని రెండోదాన్ని మాత్రమే ఉంచి పోతే పాత ఫోను జాబితాలో ఆ వైఫై పేరే కనిపించదు. పేరు చివర '5జీ' అని ఉంటుంది కనుక, తమది 4జీ ఫోను కాబట్టి ఆ వైఫై రాదని అనుకునేవారూ ఉంటారు. మొబైల్ 5జీకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఇంకో రకం ఉంది. పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతారు, ఫోను 'కనెక్ట్ అవుతోంది' అంటూ తిరిగి తిరిగి మొదటికి వస్తుంది. రౌటర్‌ను డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతికి మాత్రమే కట్టేసినప్పుడు ఇలా అవుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ పద్ధతికి చోటు దొరికింది పదో వెర్షన్ నుంచే. రౌటర్లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉండే పద్ధతిని ఎంచుకుంటే పాత ఫోనూ కలుస్తుంది, కొత్త ఫోనుకూ నష్టం లేదు. 2.4 గిగాహెర్ట్జ్ అంటే నాసిరకమన్న అభిప్రాయం కూడా సరికాదు. ఒకే యాంటెన్నా ఉన్న సాదా ఫోను దాని మీద సెకనుకు 72 మెగాబిట్ల దాకా కనెక్ట్ కాగలదు. చేతికొచ్చే వేగం అందులో సగమే అనుకున్నా, 720పీ వీడియోకు మూడు మెగాబిట్లు చాలు. పైగా వంటింటి గోడ దాటి వెళ్లడంలో 5 గిగాహెర్ట్జ్ కంటే అదే మెరుగు.

ఇంట్లో వైఫై నిండుగా ఉండి, టవర్ సిగ్నల్ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయే ఇళ్లు ఎన్నో. వాటికోసమే వైఫై కాలింగ్ ఉంది. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో దాన్ని తెచ్చాయి. అదనపు రుసుము లేదు, కొత్త నంబరు అక్కర్లేదు. కాకపోతే ఫోను తయారీ కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా దాన్ని తెరవాలి. కొన్ని పాత మోడళ్లకు తెరిచారు, కొన్నింటికి తెరవలేదు. తెరిచిన ఫోన్లలో కూడా ఆ స్విచ్ ఎక్కడో మూలన ఆఫ్‌లో ఉండిపోతుంది.

నెట్ వస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదన్న ఫిర్యాదును కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే అక్కడ అమరిక లోపమూ ఉంది, నిజమైన ముసలితనమూ ఉంది. ఫోను బ్యాటరీ పూర్తిగా దిగిపోయి కొన్నాళ్లు పక్కన పడి ఉంటే తేదీ, సమయం వెనక్కి పోతాయి. సురక్షిత వెబ్‌సైటు ప్రతిదానికీ ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది, దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. ఫోను తాను ఇంకా 2017లోనే ఉన్నానని అనుకుంటే ఈనాటి సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనేలేదు; కనెక్షన్ సురక్షితం కాదంటూ తలుపు మూసేస్తుంది. తేదీ సరిచేస్తే చాలు. కానీ ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాతవాటిది వేరే కథ. ప్రపంచంలో కోట్ల వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మూల సర్టిఫికెట్ వాటి జాబితాలో లేదు. వేరే సంస్థ పూచీకత్తు మీద పాత ఫోన్లు దాన్ని నమ్ముతూ వచ్చాయి. ఆ పూచీకత్తు గడువు 2021లో తీరబోతుంటే పొడిగించారు, 2024 సెప్టెంబరు 30తో అదీ ముగిసింది. సొంత సర్టిఫికెట్ల జాబితాను వెంట తెచ్చుకునే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కొంతకాలం ఆ ఫోన్లకు దారి చూపింది. గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ కూడా చెడింది ఫోనులోని రేడియో కాదు, ప్రాసెసర్ కాదు. ఒక చిన్న ఫైలు పాతబడింది, దాన్ని మార్చగలిగినవారు మార్చలేదు.

మార్చగలిగే శక్తి వారికి ఉందనడానికి ఆధారం కావాలంటే 2020 చూడండి. ఆ ఏడాది జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో షేర్ఇట్, జెండర్ ఉన్నాయి. మన దగ్గర పాటలు, ఫొటోలు, పాఠాల వీడియోలు ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు నెట్ ఖర్చు లేకుండా పంపడానికి జనం వాడింది వాటినే. ఆ ఆగస్టులోనే గూగుల్ నియర్‌బై షేర్‌ను విడుదల చేసింది. దాని పేరే ఇప్పుడు క్విక్ షేర్. అది కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌తో ముడిపడి రాలేదు. ప్లే సర్వీసెస్ అనే తెర వెనుక భాగం ద్వారా ఆండ్రాయిడ్ 6 ఉన్న ఫోన్లకు కూడా చేరింది. ఫోను కంపెనీలు వదిలేసిన సెట్లకు కూడా సరికొత్త కనెక్షన్ సదుపాయాన్ని గూగుల్ అందించగలిగింది. చేయాలనుకున్నప్పుడు పాత ఫోను అడ్డం రాలేదన్నమాట.

యూపీఐ చెప్పే సాక్ష్యం ఇంకా బలమైనది. ఫోనును మెషీన్‌కు తాకించి డబ్బు చెల్లించాలంటే ఎన్ఎఫ్‌సీ ఉండాలి, చౌక ఫోన్లలో అది ఉండదు. యూపీఐ దాని మీద ఆధారపడకుండా క్యూఆర్ కోడ్‌ను ఎంచుకుంది. కెమెరా, కాస్త డేటా ఉంటే చాలు. 2025 ఆగస్టులో నెల లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. అడుగున ఉన్న ఫోనును లెక్కలోకి తీసుకుని కట్టిన వ్యవస్థ ఎంత ఎత్తుకు పోతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? స్మార్ట్‌ఫోనే లేనివారికి 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే కూడా తెచ్చింది. అయితే అక్కడా చెప్పని మెలిక ఒకటుంది. యాప్‌ను మొదటిసారి నమోదు చేసేటప్పుడు బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచే ఒక ఎస్ఎంఎస్ దానంతట అదే వెళ్లాలి. రెండు సిమ్‌ల ఫోన్లో ఎస్ఎంఎస్ రెండో సిమ్ నుంచి వెళ్లినా, ఆ నంబరుకు ఎస్ఎంఎస్ పంపే వీలున్న రీఛార్జి లేకపోయినా నమోదు విఫలమవుతుంది. తెర మీద వచ్చేది 'మళ్లీ ప్రయత్నించండి' అన్న ముక్క. ఏం ప్రయత్నించాలో అందులో ఉండదు. నింద మళ్లీ ఫోను మీదికే.

పాత ఫోన్లను వెనకేసుకురావడం ప్రమాదకరమని అనేవారున్నారు. వారి మాటను తేలిగ్గా కొట్టేయలేం. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లు గడిచిన ఫోన్లో తెలిసిన లొసుగులు అలాగే తెరిచి ఉంటాయి. జీతం పడే ఖాతాను, జీవితకాలపు పొదుపును అలాంటి ఫోన్లో పెట్టమని ఎవరికీ సలహా ఇవ్వను. ఇంట్లో రెండు ఫోన్లుంటే పెద్ద ఖాతా కొత్తదానిలో ఉండాలి. పాతదానిలో చిన్న మొత్తాలున్న ఖాతానే ఉంచాలి, ప్లేస్టోర్ బయటి నుంచి యాప్‌లు వేయకూడదు. ఇంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఈ అభ్యంతరం నా వాదనను కూల్చదు, నిలబెడుతుంది. ఆ ఫోను భద్రత కోల్పోయింది తనంతట తాను కాదు, దాన్ని అమ్మినవారు అప్‌డేట్లు ఆపేయాలని నిర్ణయించుకోవడం వల్ల. చౌక ఫోన్లకు రెండేళ్లు దాటి అప్‌డేట్లు రావడమే గొప్ప అన్న పరిస్థితి చాలాకాలం నడిచింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆగిన తరవాత కూడా కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందుబాటులో ఉండాలి. అక్కడ అమ్మే కంపెనీల్లో చాలావరకు ఇక్కడ అమ్మేవే. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు? మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. స్క్రీను, బ్యాటరీ మార్పించుకునే హక్కు గురించి ఆలోచించినవారు సాఫ్ట్‌వేర్ మరమ్మతు దగ్గర ఎందుకు ఆగాలి?

ఫోన్లు ఇప్పుడు చౌకే కదా, పదివేలు పెడితే 5జీ వస్తుంది, పాతదాన్ని పట్టుకుని వేలాడటం దేనికి అన్నది రెండో మాట. పదివేలు ఎవరికి చౌక అన్నదే అసలు ప్రశ్న. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. పదివేల ఫోను అంటే దాదాపు 33 రోజుల పని, అదీ తిండి ఖర్చు తీయకుండా. నెట్ రావడం లేదని కొన్న ఆ కొత్త ఫోన్లో కూడా అవే సిమ్‌లు, అదే రౌటర్, అదే పోర్టింగు ఉంటాయి. చిక్కు అమరికలో ఉంటే అది కొత్త ఫోనులోకి కూడా వస్తుంది. యూట్యూబ్‌లో వీడియోలున్నాయి, నేర్చుకోవచ్చుగా అంటారు ఇంకొందరు. నెట్ రాని ఫోన్లో నెట్ ఎలా తెప్పించాలో నెట్లో చూసుకోమనడం సలహా అనిపించుకోదు. పైగా సాయం కోసం తెలియని నంబర్లకు ఫోన్ చేసేవారి కోసం, కేవైసీ పేరు చెప్పి తెర పంచుకునే యాప్ వేయించేవారు కాచుకుని ఉన్నారు. నమ్మదగిన చోట నుంచి సమాచారం రాకపోతే ఆ ఖాళీని నింపేది మోసగాళ్లే.

పాత సాంకేతికతలను మూసేయకపోతే కొత్తవాటికి తరంగాలు ఎక్కడి నుంచి వస్తాయన్న టెలికాం కంపెనీల వాదన మాత్రం సమంజసమైనదే. 3జీని మూసేయడం తప్పని అనను. ఒకే తరంగం మీద 4జీ అంతకంటే ఎక్కువమందికి, ఎక్కువ వేగంతో సేవ ఇస్తుంది. కానీ మూసేటప్పుడు ఎవరి ఫోను ఏమవుతుందో కంపెనీకి తెలుసు. ప్రతి ఫోనుకూ 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది, అందులో మొదటి ఎనిమిది అంకెలు మోడల్ ఏదో చెబుతాయి. ఫోను టవర్‌తో కలిసినప్పుడు ఆ నంబరు నెట్‌వర్క్‌కు అందుతుంది. ఫలానా నంబరు సిమ్ ఫలానా మోడల్లో ఉంది, ఆ మోడల్లో వోల్టే ఉంది, అయినా కాల్స్ 2జీలోకి జారుతున్నాయి అని కంపెనీ కంప్యూటర్లకు తెలిసే వీలుంది. రీఛార్జి గడువు ముగుస్తోందని రోజుకు రెండుసార్లు గుర్తుచేయగలిగినవారు, 'మీ ఫోన్లో ఈ స్విచ్ ఆన్ చేయండి' అని తెలుగులో ఒక్క ఎస్ఎంఎస్ పంపలేరా?

ప్రభుత్వాలదీ ఇందులో వాటా ఉంది. ఉపాధి హామీ హాజరుకు 2023 జనవరి 1 నుంచి ఎన్ఎంఎంఎస్ యాప్‌ను తప్పనిసరి చేశారు. రోజుకు రెండు ఫొటోలు ఎక్కించాల్సిన మేట్ చేతిలో ఎలాంటి ఫోనుందో, ఆ చెరువుగట్టు మీద ఏ సిగ్నలుందో యాప్‌కు పట్టదు. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లతో పని జరగడం లేదంటూ వాటిని తిరిగి ఇచ్చేసి నిరసన తెలిపారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోవాలన్నప్పుడు ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పారు. వీటి పక్కన 2025 జనవరి 30న అదే రాష్ట్రంలో మొదలైన మన మిత్రను పెట్టి చూడండి. 161 ప్రభుత్వ సేవలతో మొదలై వాట్సాప్ మీద నడుస్తోంది. వాట్సాప్ 2023 అక్టోబరులో పాత వెర్షన్లను వదిలేసినప్పుడు కూడా ఆండ్రాయిడ్ 5.0ను అట్టే పెట్టుకుంది. కాబట్టి కొత్త యాప్ వేసుకోకుండా, నిల్వ చోటు కోసం ఫొటోలు చెరపకుండా పాత ఫోను ఉన్నవారు కూడా ధ్రువపత్రం అడగగలుగుతున్నారు. ప్రజల సేవ ఒక విదేశీ కంపెనీ చేతిలో ఉండటం మీద వేరే చర్చ జరగాలి, జరగనివ్వండి. జనం చేతిలో ఉన్న ఫోను దగ్గరికే సేవ వచ్చిందన్నది మాత్రం నిజం.

తుపాను హెచ్చరికల విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. 2023లో టెలికాం శాఖ సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని పరీక్షిస్తూ ఫోన్లన్నీ ఒక్కసారి గట్టిగా మోగేలా చేసింది. దానికి నెట్ అక్కర్లేదు, నంబర్ల జాబితా అక్కర్లేదు. ఒక టవర్ కింద ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి చేరుతుంది. చాలా పాత ఫోన్లలో కూడా అత్యవసర హెచ్చరికల సెట్టింగ్ ఉంది, ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి. అదే ఏడాది కేంద్ర ఐటీ శాఖ ఫోన్లలో ఎఫ్ఎం రేడియోను తీసేయవద్దని తయారీదారులకు సూచించింది. విచిత్రంగా ఈ విషయంలో పాత చౌక ఫోనే మేలు. దానికి ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంది, ఆ తీగే యాంటెన్నా, టవర్లు పడిపోయినా ఎఫ్ఎం అందే ప్రాంతంలో రేడియో పలుకుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను లాంటివి మనకు కొత్త కాదు కనుక, తీర గ్రామాల్లో ఈ రెండు సెట్టింగులను చూపించడం గ్రామ సచివాలయ సిబ్బంది పనుల్లో ఒకటిగా చేర్చవచ్చు.

ఇందులో చాలాభాగానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. టెలికాం శాఖ 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్ ప్రారంభించింది. ఫోన్లో *#06# నొక్కితే కనిపించే ఐఎంఈఐ నంబరును అక్కడ ఇస్తే అది అసలైన ఫోనో కాదో, ఏ కంపెనీదో, ఏ మోడలో చెబుతుంది. ఎస్ఎంఎస్ ద్వారా కూడా అడగవచ్చు. దొంగ ఫోన్లను పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటే అయినా, మోడల్ పేరు దగ్గరే ఆగిపోవాల్సిన పని లేదు. ఆ మోడల్లో ఏ బ్యాండ్లున్నాయి, రెండు సిమ్‌లకూ 4జీ వస్తుందా, వోల్టే, వైఫై కాలింగ్ ఏ కంపెనీలతో కుదురుతాయి, భద్రతా అప్‌డేట్లు ఏ నెలతో ఆగాయి అన్న నాలుగు వరుసలను ఆ జవాబులో తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో చేర్చవచ్చు. వివరాలివ్వడం తయారీ కంపెనీల పని, వాటిని రాబట్టడం టెలికాం శాఖ పని. అప్పుడు షాపులో కౌంటరు ఇవతల నిలబడిన మనిషి కొత్త ఫోను ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టేముందు, తన పాత ఫోను గురించి ఇంకో జవాబు కూడా చూసుకోగలుగుతాడు.